చిన్నపిల్లలతో వేసవిలో ఆరుబయట బస



బడులకు సెలవులు ఇచ్చిన వారం నుండే మా ఓ.పి.లో తల్లులు అడిగే ప్రశ్నలు మారిపోతాయి. "సిస్టరమ్మా, రెండు రోజులు మన్ననూరు దిక్కు పోదామనుకుంటున్నం, చంటిది ఉంది, తీసుకపోవచ్చునా?" అని అడుగుతారు. కొందరు సోమశిలలో కృష్ణ ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి వస్తామంటారు. మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం, జూరాల కట్ట, బీచుపల్లి రేవు, ఇలా ఎవరి ఊరికి దగ్గరగా ఉన్న చోటు వారిది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం దాకా పిల్లలను ఎత్తుకుని నడిచే కుటుంబాలు కూడా మా దగ్గరికి వస్తాయి. టెంటు అనే మాట కొత్తది గాని, చెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, గొంగడి పరచుకుని పడుకోవడం పాలమూరు వారికి తాతల నాటి అలవాటే.

మేము వద్దని చెప్పము. టీవీ ముందు నుండి లేచి, అమ్మానాన్నలతో కలిసి రెండు రోజులు ఆరుబయట గడిపిన పిల్లలు దానిని ఎన్నటికీ మరచిపోరు. కానీ మన సెలవులు వచ్చేది ఏప్రిల్ చివర నుండి జూన్ రెండవ వారం వరకు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలలోనూ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు ఇవే. అందుచేత ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటివారు బయలుదేరే ముందు ఈ పాఠం ఒకసారి చదవవలెనని కోరుతున్నాము.

నీళ్ళ లెక్క

పిల్లల శరీరం పెద్దల శరీరం కంటే త్వరగా వేడెక్కుతుంది. బరువుతో పోల్చితే వారి చర్మం ఎక్కువ, పట్టే చెమట తక్కువ. పైగా ఆటలో పడితే దూప అని అడగరు. అడిగే దాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. అరగంటకొకసారి ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని వారి వెంట తిరగాలి. ఆరు నెలలలోపు బిడ్డకు మాత్రం ఎంత ఎండలోనైనా తల్లిపాలే చాలు, నీళ్ళు పట్టనక్కరలేదు. ఆ నీళ్ళు తల్లి తాగాలి, బిడ్డకు తరచుగా పాలివ్వాలి.

ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు ఒక రాత్రి ఉండి వచ్చేటట్లయితే, తాగడానికీ వంటకూ చేతులు కడగడానికీ కలిపి రెండు పెద్ద క్యాన్లు, అంటే 40 లీటర్లు పట్టుకెళ్ళమని మేము చెబుతాము. ఎక్కువ అనిపిస్తుంది. మిగిలితే వచ్చేటప్పుడు చెట్టుకు పోయవచ్చు. వాగు నీళ్ళు తేటగా ఉన్నాయని నేరుగా తాగించకూడదు. తప్పనిసరి అయితే తువ్వాలతో వడగట్టి, కళపెళ ఉడికిన తర్వాత ఒక నిమిషం పాటు మరగనిచ్చి, చల్లార్చి ఇవ్వాలి.

మజ్జిగ, రాగి జావ, జొన్న అంబలి, తాటి ముంజలు, నిమ్మకాయ నీళ్ళు అన్నీ మంచివే. చలువ చేస్తుందని పిల్లలకు రెండు గుక్కల కల్లు పోసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. అది చలువ చేయదు సరికదా, అందులో మత్తుమందు కలిపి ఉంటే పసిబిడ్డ ఊపిరే ఆగవచ్చు. ఈ విషయంలో తాతలైనా సరే, మేము మొహమాటపడము.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు నాలుగు తప్పక ఉంచుకోండి. ఈ పొడి వెనుక ఒక శిబిరం కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ వద్దకు చేరారు. కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ అనే పిల్లల వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది వరకు చనిపోతున్న చోట ఆ మరణాలు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. డాక్టరు లేని చోట, కరెంటు లేని చోట, తల్లి చేతితో పనిచేసే మందు ఇది. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి సంవత్సరం దేశం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది.

అయితే కొనేటప్పుడు ప్యాకెట్టు చూసి కొనండి. ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలతో రాసి, లోపల తీయటి పండ్లరసం అమ్మిన డబ్బాలు చాలా ఏళ్ళు మన మెడికల్ షాపులలో ఉండేవి. విరేచనాలైన బిడ్డకు అంత చక్కెర పోస్తే విరేచనాలు ఎక్కువవుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదే తీసుకోండి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. సగం ప్యాకెట్టు, గుప్పెడు అన్న లెక్క వద్దు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్టు దొరకకపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపండి.

రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్దవారికి 100 నుండి 200 వరకు పట్టాలి. గ్లాసు ఎత్తి పోయకండి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. బిడ్డ ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్ళు లోపలికి పీక్కుపోయినా, పొట్ట చర్మాన్ని పట్టి వదిలితే మడత నిలిచినా, ఇక అక్కడ ఉండకూడదు. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఆసుపత్రికి రావాలి.

వడదెబ్బ

మధ్యాహ్నం 11 నుండి 4 వరకు నీడ పట్టున ఉండాలి. టెంటు గుడ్డ కింద నీడ ఉంటుంది గాని గాలి ఉండదు. ఎండలో వేసిన టెంటు లోపల పొయ్యి మీది కుండలా ఉంటుంది. బిడ్డను అందులో పడుకోబెట్టకండి. వేప చెట్టు కింద నులక మంచం దానికంటే వెయ్యి రెట్లు మేలు. ఇక కారు. "నిద్రపోతున్నాడు, లేపడం ఎందుకు" అని అద్దాలు వేసి వెళ్ళి, అవతల వంటలో పడిపోయేవారున్నారు. ఎండలో ఆగిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఒక్క నిమిషమైనా వదలకూడదు.

ఒళ్ళు కాలిపోతూ, బిడ్డ మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చోకండి. ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. నీడలోకి తెచ్చి, బట్టలు తీసి, ఒంటి నిండా నీళ్ళు పోస్తూ, విసురుతూ ఉండాలి. చంకలలో, మెడ పక్కన తడిగుడ్డలు పెట్టాలి. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తులలోకి పోతాయి. ఒకరు ఈ పని చేస్తుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

రాత్రి పడక

మా వార్డులో సిస్టర్లు ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటి ఉంది. బంధువులందరూ కలిసి ఒక చెరువు గట్టున టార్పాలిన్ పరచుకుని పడుకున్నారు. తెల్లవారుజామున ఐదేళ్ళ బాబు కడుపునొప్పి అని ఏడ్చాడు. రాత్రి తిన్న మాంసం పడలేదనుకున్నారు, వాము నీళ్ళు పట్టారు. కొంతసేపటికి కనురెప్పలు వాలిపోయాయి. నిద్రమత్తు అనుకున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి మింగలేకపోతున్నాడు, ఊపిరి తేలిపోతున్నది. ఒంటి మీద వెతికితే గాటు కనబడలేదు. అది కట్లపాము. విషం విరుగుడు సూది మొదలుపెట్టి, వెంటిలేటరు ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపాము. దారి పొడవునా ఒక సిస్టరు అంబు బ్యాగు నొక్కుతూనే కూర్చుంది. పన్నెండు రోజుల తర్వాత ఆ బాబు నడిచి ఇంటికి వెళ్ళాడు.

మన ప్రాంతంలో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని పడకలోనే కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి దాదాపు ఉండదు, వాపు రాదు. కాబట్టి ఆరుబయట పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కారణం లేకుండా కడుపునొప్పి, వాంతి అన్నా, కళ్ళు తెరవలేకపోయినా, ఎవరూ పామును చూడకపోయినా సరే, పాముకాటు అనే అనుకుని బయలుదేరాలి.

నేల మీద పడక వద్దు. మంచాలు దొరకకపోతే జిప్పు పూర్తిగా మూసుకునే టెంటులోనో, అంచులు పడక కిందికి దోపిన దోమతెరలోనో పిల్లలను పడుకోబెట్టండి. దోమతెర పామును కూడా ఆపుతుంది. తినగా మిగిలిన అన్నం చుట్టుపక్కల పారవేస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. రాత్రి ఒంటికి లేచిన పిల్లవాడితో పెద్దవారు టార్చి లైటు పట్టుకుని వెళ్ళాలి. పొద్దున చెప్పులు దులిపి తొడగాలి.

"పురుగు ముట్టింది" అని తెలిసిన వెంటనే చేయవలసింది చాలా తక్కువ. కరిచిన చేతిని గాని కాలిని గాని విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రతో కదలకుండా కట్టి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని తీసుకురావాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం, ఆకు పసరు పోయడం వద్దు. పామును చంపి తేనక్కరలేదు. మేము సూది ఇచ్చేది లక్షణాలు చూసి. విరుగుడు సూది ఎక్కడ ఉంటుందో బయలుదేరే ముందే కనుక్కోండి. మన్ననూరు వైపు వెళ్ళేవారు అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రిని, సోమశిల వెళ్ళేవారు కొల్లాపూర్ ఆసుపత్రిని ముందే విచారించి పెట్టుకోవాలి. నల్లమల లోపల చాలా చోట్ల ఫోను పలకదు, శ్రీశైలం రోడ్డులో అడవి భాగంలో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలు ఆపుతారు. కనుక బిడ్డకు సాయంత్రమే ఒంట్లో బాగాలేదనిపిస్తే చీకటి పడక ముందే అడవి దాటి బయటకు రండి. అటవీ శాఖ అనుమతించిన చోట తప్ప అడవిలో టెంటు వేయకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. అది పులుల అడవి.

ఎర్ర తేలు పెద్దవారికి నొప్పితో పోతుంది గాని చిన్నపిల్లలకు గుండెను దెబ్బతీస్తుంది. కుట్టిన తర్వాత ఒళ్ళంతా చెమట, వాంతి, చేతులు కాళ్ళు చల్లబడటం కనబడితే నొప్పి తగ్గినా ఆగవద్దు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరిలో డాక్టర్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే బి.పి. మాత్ర ఈ విషానికి పనిచేస్తుందని చూపారు. అంతవరకు అటువంటి పిల్లలలో చాలామంది దక్కేవారు కాదు. మాత్ర ఎంత త్వరగా పడితే అంత మేలు, కానీ అది ఆసుపత్రిలో ఇవ్వవలసినది.

కృష్ణ ఒడ్డున

నీటిలో మునిగే బిడ్డ కేక వేయడు. సినిమాలో చూసినట్టు చేతులు ఊపడు. పక్కనే పదిమంది మాట్లాడుకుంటుండగా చప్పుడు లేకుండా మునిగిపోతాడు. అందరూ చూస్తున్నారులే అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. అందుకే పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. "ఈ గంట చిన్నాయన చూస్తాడు, తర్వాతి గంట మేనత్త" అని. ఆ గంట వారి చేతిలో ఫోను ఉండకూడదు. మద్యం తాగినవారికి ఈ పని ఇవ్వకూడదు. శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగు మనిషి లోతు ఉండవచ్చు. జూరాల దిగువన, పైనుండి నీరు వదిలితే బండల మధ్య ఆడుకుంటున్నవారి చుట్టూ చూస్తుండగానే నీరు చేరుతుంది. పడవ ఎక్కితే ప్రతి బిడ్డకూ కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి, లేదంటే ఎక్కవద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి ఎన్ని ఇళ్ళు చీకటైనవో కొల్లాపూర్ వైపు వారు మరచిపోలేదు.

ఈత రానివారు దూకకూడదు, చీరె గాని తాడు గాని విసరాలి. బయటకు తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదడం మొదట, ఆ తర్వాత రొమ్ము నొక్కడం. ఇది చదివితే రాదు. మీ వీధి నుండి నలుగురు కలిసి వస్తే మా స్టాఫ్ బొమ్మ మీద నేర్పుతారు, గంట చాలు.

తిరిగి వచ్చాక

కోతి గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే కుక్కకాటు టీకా వేయించాలి. పసుపు, సున్నం పెట్టవద్దు.

ఇంటికి వచ్చిన తర్వాత నెల రోజులలోపు బిడ్డకు జ్వరం వస్తే మలేరియా కావచ్చు, నల్లి వంటి చిన్న పురుగు వలన వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఈ రెండవ దానిలో చంకలోనో గజ్జలోనో చెవి వెనుకో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటుంది, నొప్పి ఉండదు. స్నానం చేయించేటప్పుడు వెతికి చూడండి. ఓ.పి. చీటీ రాయించే చోట "జ్వరం" అని మాత్రమే చెప్పకుండా, ఏ తేదీన ఎక్కడ పడుకుని వచ్చారో కూడా చెప్పండి. ఏ రక్తపరీక్ష ముందు చేయాలో ఆ ఒక్క మాటతో మాకు తెలిసిపోతుంది.