ఓడిపోతామన్న భయాన్ని పావు ఎకరంలో కొలుద్దాం



"ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టాలని ఉంది, ధైర్యమే చాలట్లేదు" అని నాకు చాలామంది ఫోన్ చేస్తుంటారు. జీవామృతం ఎలా కలపాలో వాళ్లకి తెలుసు. వీడియోలు చూశారు, శిక్షణలకి వెళ్లొచ్చారు, కొంతమందైతే నాటు ఆవుని కూడా కొన్నారు. అయినా నాట్లు పడే టైముకి మళ్లీ యూరియా బస్తాయే ఇంటికొస్తుంది. అందుకే ఈసారి కషాయాల సంగతి పక్కనబెట్టి ఆ భయం గురించే మాట్లాడుకుందాం. మడి కట్టడం, కోత తూకం పై వీడియోలో చూపించాను. దాని వెనకున్న లెక్క ఇక్కడ రాస్తున్నా.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఆరేళ్లు ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం చేశా. నెల తిరిగేసరికి జీతం, బండికి పెట్రోలు డబ్బులు. అది మానేసి పొలంలోకి వచ్చా. ఇప్పుడు మా ధాన్యాన్ని బియ్యం పట్టించి నేరుగా ఇళ్లకే అమ్ముతున్నా. ఈ దారిలో నాకు ఎదురైనవి మూడు భయాలు: దిగుబడి పడిపోతుందేమో, నలుగురూ నవ్వుతారేమో, పండినా ఎవరూ కొనరేమో.

యూరియా ఇచ్చే ధైర్యం

మన రైతుకి అలవాటైన సుఖం ఎక్కడుందంటే యూరియా బస్తాలో ఉంది. చల్లిన వారం తిరక్కుండానే చేను నల్లగా, పచ్చగా తిరుగుతుంది. అది చూసి మనం గట్టు మీద నిలబడి ఊపిరి పీల్చుకుంటాం. ప్రకృతి వ్యవసాయపు మడి అలా ఉండదు. నాటిన 25, 30 రోజులకి పక్క మడి ముదురాకుపచ్చగా ఉంటే మనది లేతగా కనబడుతుంది. చాలామంది వెనక్కి తిరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. నత్రజని ఎక్కువై ముదురాకుపచ్చగా ఉన్న వరికే సుడిదోమ, అగ్గితెగులు ఎక్కువగా వస్తాయని, అదే గాలివానకి పడిపోతుందని డిప్లొమా పుస్తకాల్లోనే చదువుకున్నాం. అలాగని లేతగా ఉన్నదంతా బాగున్నట్టు కూడా కాదు. లీఫ్ కలర్ చార్ట్ అని ఒక ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది. ఉదయం పూట, మన నీడలో, పూర్తిగా విచ్చుకున్న కొత్త ఆకుని దాని మీద పెట్టి చూడండి. ఒక్క ఆకు కాదు, పది దుబ్బుల్లో చూడండి. పిలకలు కూడా లెక్కపెట్టండి. గట్టు మీద నుంచి చూస్తే భయం వేస్తుంది, మడిలోకి దిగి లెక్కపెడితే విషయం తెలుస్తుంది.

మా నాన్న అడిగిన ప్రశ్న

నేను ఉద్యోగం మానేసి వచ్చేసరికి మాకున్నది మూడున్నర ఎకరాలు. దాని మీద పంట రుణం, చెల్లి పెళ్లికి చేసిన అప్పు. మొత్తం పొలం ప్రకృతి వ్యవసాయంలోకి మారుద్దామన్నా. నాన్న ఒకటే మాట అడిగారు: "పంట పోతే అప్పు నువ్వు కడతావా, నీ ఆవు కడుతుందా?"

ఆ ప్రశ్నలో తప్పు లేదు. తుపానుకి పనలు నీళ్లలో నానిన ఏడు ఆయన చూశారు, అప్పు ఇచ్చినాయన గుమ్మంలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. అలాంటి మనిషితో "ధైర్యం చెయ్యి నాన్నా" అంటే ఏం లాభం? అందుకే కాగితం, పెన్ను తీశా.

మా దగ్గర ఎకరాకి 75 కిలోల బస్తాలు 28 పండుతాయి. పావు ఎకరానికి ఏడు బస్తాలు. దాంట్లో పావు వంతు తగ్గితే పోయేది రెండు బస్తాల లోపు. సగం తగ్గితే మూడున్నర. అసలు మొత్తం పోయినా ఏడే. "ఏడు బస్తాలు పోతే అప్పు కట్టలేమా నాన్నా?" అన్నా. ఆయన కాసేపు ఆలోచించి "పోతే పోయాయిలేరా, ఆ కాలవ పక్క మడి తీసుకో" అన్నారు.

పొలమంతా పోతుందేమో అనుకున్నప్పుడు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఏడు బస్తాలని తెలిసేసరికి అది మామూలు ఖర్చులాగే కనబడింది. ధైర్యం పెరిగి కాదు, పందెం తగ్గితే మేం ముందుకు కదిలాం.

పెద్ద అడుగు ఎంత ప్రమాదమో దేశాలకీ అనుభవమే. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి, తేయాకు రైతులు బాగా దెబ్బతిన్నారు. ఆ ఏడాది నవంబర్‌కల్లా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. దేశం మొత్తాన్ని ఒకే సీజన్‌లో మార్చబోవడం ఎంత ప్రమాదమో, ఇంటి పొలమంతా ఒకే సీజన్‌లో మార్చడమూ అంతే.

పావు ఎకరం ఎలా మొదలుపెట్టాలి

1. పావు ఎకరం అంటే 25 సెంట్లు, తెలంగాణ లెక్కలో 10 గుంటలు. చవుడు మడినో, నీళ్లెక్కని మూలనో ఇందుకు కేటాయించొద్దు. భయం ఉన్నవాళ్లు ఎప్పుడూ పనికిరాని మడినే ఇస్తారు, పండకపోతే పద్ధతిని తిడతారు.

2. నీళ్లు ముందుగా వచ్చే వైపు మడి తీసుకోండి. లేకపోతే పై మడిలో చల్లిన ఎరువు నీళ్లతో కిందికి దిగుతుంది, పోలిక చెడిపోతుంది. గట్టు గట్టిగా వేసుకోండి.

3. రెండు మడుల్లో ఒకే రకం, ఒకే నారు, ఒకే రోజు నాటు వేయండి.

4. పావు ఎకరానికి జీవామృతం: 50 లీటర్ల నీళ్లు, రెండున్నర కిలోల నాటు ఆవు పేడ, రెండున్నర లీటర్ల మూత్రం, అర కిలో బెల్లం, అర కిలో పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి రోజుకి రెండుసార్లు కలపండి.

5. ఎప్పుడు ఆపాలో నాటకముందే రాసుకోండి. "నాలుగు బస్తాలకి తగ్గితే వచ్చే ఏడు ఆపేస్తాం" అని మేం గోడ క్యాలెండర్ మీద రాశాం. సీజన్ మధ్యలో భయం నిర్ణయం చేయకుండా అది కాపాడింది.

6. కోతప్పుడు ప్రతి మడిలో మధ్యన 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు తాడు కట్టి, అందులో పంట విడిగా కోసి, నూర్చి, ఆరబెట్టి తూకం వేయండి. వచ్చిన కిలోలని 162తో గుణిస్తే ఎకరం దిగుబడి వస్తుంది.

మాకు మొదటి ఏడు మామూలు మడిలో 13 కిలోలు వచ్చాయి, అంటే ఎకరాకి 28 బస్తాలు. ప్రకృతి మడిలో 10 కిలోల 200 గ్రాములు, అంటే 22 బస్తాలు. పావు ఎకరంలో ఒకటిన్నర బస్తా తగ్గింది. ఎరువులు, మందుల ఖర్చు మిగిలినా ఆ తేడా పూర్తిగా పూడలేదు. నాన్న క్యాలెండర్ చూసి "నాలుక్కి తగ్గలేదుగా" అన్నారు. రెండో ఏడు అర ఎకరం ఇచ్చారు.

నలుగురూ నవ్వితే

నవ్వుతారు. నేను కలుపు తీయిస్తుంటే "ఉద్యోగం పోగొట్టుకుని గడ్డి పెంచుతున్నాడు" అన్నవాళ్లున్నారు. అందుకే మొదటి ఏడు రోడ్డు పక్కన మడి తీసుకోవద్దంటాను. పంట మన కోసం చూసుకుంటున్నాం, ఊరికి చూపించడానికి కాదు. కోత తూకానికి మాత్రం పక్క పొలం రైతులిద్దరిని పిలవండి. తక్కువొచ్చినా దాచొద్దు. అంకె వాళ్ల కళ్లముందే వస్తే ఆ తర్వాత మాట్లాడేది అంకె గురించే, మన గురించి కాదు.

"వద్దు" అనిపించుకోవడం

నాకు అన్నిటికన్నా కష్టమైంది అమ్మకం. చేను దున్నడానికి లేని సిగ్గు, ఒకరి గుమ్మం ముందు నిలబడి "మా బియ్యం కొంటారా" అనడానికి అడ్డమొచ్చింది. చిట్టా రాసుకుని పంట పొట్ట మీదుండగానే 30 ఇళ్లకి వెళ్లి అడిగా. 19 మంది వద్దన్నారు. 11 మంది సరేనన్నారు. ఐదున్నర బస్తాల ధాన్యానికి వచ్చింది దాదాపు 250 కిలోల బియ్యం. దానికి ఆ 11 ఇళ్లు చాలు. దిగుబడిలో తగ్గిన డబ్బు ఈ అమ్మకంలో వచ్చేసింది. వద్దన్న 19 మంది వల్ల నాకు పోయింది సాయంత్రాలే.

కౌలు రైతులకి ఒక మాట

కౌలు ముందే కట్టినవాళ్లకి పావు ఎకరం కూడా ఎక్కువే కావచ్చు. ఐదు సెంట్లలో చేయండి, లేదా పెరట్లో కూరగాయలతో మొదలుపెట్టండి. చిన్నగా మొదలుపెట్టడం పిరికితనం కాదు.

ఈ రాత్రికి చేయాల్సిన పని

నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాయండి. ఒకటి, ఏ మడి, ఎన్ని సెంట్లు. రెండు, అది మొత్తం పోతే ఎన్ని బస్తాలు పోతాయి. మూడు, ఎంతకి తగ్గితే ఆపుతారు. రాసింది ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి. రెండో లైను విని ఎవరైనా కంగారుపడితే సెంట్లు తగ్గించండి. అందరూ సరే అనేదాకా తగ్గించండి. ఎంత మిగిలితే అంతలోనే ఈ సీజన్‌లో నాటు వేయండి.