వెబ్‌సైటుకు క్యాలెండరు ఎంచుకోవటం

పరీక్షల తేదీలు, ప్రాక్టికల్సు బ్యాచీలు, లాబ్ ఖాళీలు అన్నీ ఒకచోట చూపే వెబ్‌సైటు తయారుచెయ్యాలని మన మిత్రులు చాలామంది ఉత్సాహపడుతుంటారు. నెలకు ముప్ఫై గళ్లు గీయటం ఎంతసేపు అనిపిస్తుంది. కాని ఒకే గంటలో పడ్డ రెండు కార్యక్రమాలను పక్కపక్కన ఇమడ్చటం, మౌసుతో లాగి మరో రోజుకు మార్చటం వంటివన్నీ సొంతంగా రాయబోతే సెమిస్టరు కాస్తా గడిచిపోతుంది. అందుకే తయారుగా ఉన్న లైబ్రరీని తెచ్చుకుంటాం. (పుట్టినతేదీ నింపించుకోవటానికైతే ఇదేమీ అక్కర్లేదు. హెచ్.టి.ఎం.ఎల్.లోని డేట్ ఇన్‌పుట్ చాలు.)

కొమ్ములకు పూసిన రంగు చూసి ఎద్దును కొనరు మా వైపు. పళ్లు చూస్తారు, కాడి కట్టి నడిపిస్తారు. డెమో పేజీ ఏ లైబ్రరీకైనా అందంగానే ఉంటుంది.

ఫుల్‌క్యాలెండర్‌ని తీసుకుందాం. నెల, వారం, రోజు, జాబితా రూపాల్లో చూపటం వరకు ఎం.ఐ.టి. లైసెన్సు కింద ఉచితం. నాలుగు లాబ్‌లను వరుసలుగా పెట్టి ఏది ఎప్పుడు ఖాళీయో చూపాలంటే మాత్రం అది ప్రీమియం భాగం. వ్యాపారం కాని పనులకు వెసులుబాటు ఉంది గాని, షరతులు చదువుకోవాలి. రియాక్ట్ బిగ్ క్యాలెండర్‌లో లాబ్‌కో నిలువు వరుస ఉచితంగానే వస్తుంది. అయితే అది రియాక్ట్‌తోనే పనిచేస్తుంది, తేదీల లెక్కకు డేట్-ఎఫ్.ఎన్.ఎస్. వంటి మరో లైబ్రరీని జతచెయ్యాలి. పాత పాఠాలు ఇందుకు మొమెంట్‌ని వాడమంటాయి. 2020 సెప్టెంబరు నుంచి అది మరమ్మతులకే పరిమితమైంది, కొత్త పనికి వద్దు.

నన్నడిగితే వీటన్నిటికంటే ముఖ్యం తేదీల సంగతి. ఫుల్‌క్యాలెండర్‌లో రోజంతా ఉండే కార్యక్రమానికి ముగింపు తేదీ లెక్కలోకి రాదు. పరీక్షలు 10 నుంచి 12 దాకా అయితే ముగింపు 13 అని ఇవ్వాలి. 12 అని ఇచ్చామా, తెరమీద గీత 11తో ఆగిపోతుంది. ఆఖరి పరీక్ష ఉన్న కుర్రాడు ఊరికి బస్సెక్కేస్తాడు!

ఇంకొకటి. జావాస్క్రిప్టులో ‘2026-03-10’ అని తేదీ మాత్రమే ఇచ్చి డేట్ ఆబ్జెక్టు చేస్తే, అది యు.టి.సి. అర్ధరాత్రి అవుతుంది. అప్పుడు మనకు 10 ఉదయం 5-30, న్యూయార్కులో ఇంకా 9 రాత్రి 8 గంటలే. అక్కడి పూర్వవిద్యార్థికి మన సమావేశం ఒకరోజు ముందు గడిలో కనబడుతుంది.

కనుక ఖాయం చేసుకునేముందు మీ కాలేజీలో అన్నిటికంటే రద్దీగా ఉండే వారాన్ని అందులో నింపండి. కంప్యూటరు గడియారాన్ని న్యూయార్కు సమయానికి మార్చి మళ్లీ తెరవండి. తర్వాత అదే పేజీని ఫోనులో చూడండి, మనవాళ్లలో ఎక్కువమంది చూసేది అందులోనే.