బొమ్మ సిపాయిల పటాలము: దానిని నిర్మించు విధము, అది నేర్పు పాఠము

విద్యార్థులారా! బొమ్మ సిపాయిలతో ఆడుట పసివారి పని యని మీలో కొందరు తలంపవచ్చును. కాని యుద్ధక్రీడను శాస్త్రముగా నేర్పినవారు పసివారు కారు. 1824వ సంవత్సరమున ప్రష్యా దేశమునందు రైస్విట్జ్ అను యువ సేనాధికారి, పటముపై చిన్న దిమ్మెలను నడపుచు, పాచికలు వేయుచు యుద్ధమును అభ్యసించు పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఆ దేశపు సేనానులు దానిని తమ అధికారుల శిక్షణకై గైకొనిరి. పిమ్మట 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున, ఇంటి నేలమీద బొమ్మ సిపాయిలతో ఆడదగిన యుద్ధమునకు నియమములు వ్రాసెను.

పూర్వము ఈ బొమ్మలను తగరముతోను సీసముతోను పోతపోసెడివారు. 1959 మొదలు ఎయిర్‌ఫిక్స్ అను ఆంగ్ల సంస్థవారు చౌకయైన ప్లాస్టిక్కు సిపాయిలను పెట్టెలలో నుంచి అమ్మసాగిరి. అవి మెత్తని పాలిథీనుతో చేయబడినవి గాన వానిపై రంగు నిలువక పొరలుగా రాలిపోయెడిది. నేడు నెపోలియను కాలపు సిపాయిలు గట్టి పాలిస్టైరీనుతో, సుమారు 28 మిల్లీమీటర్ల కొలతలో, తలలు, చేతులు, తుపాకులు వేరువేరు ముక్కలుగా చట్రములపై అమర్పబడి లభించుచున్నవి.

ఏదేని ఒక పటాలమును దృష్టాంతముగా గైకొన్నచో పని సులభముగా బోధపడును. 1815వ సంవత్సరము జూన్ 18వ తేదీన, నేటి బెల్జియము దేశమందలి వాటర్లూ యొద్ద నెపోలియను నెదిరించిన సేనలలో ఐర్లండుకు చెందిన 27వ ఇన్నిస్కిల్లింగ్ పటాలము ఒకటి. అందు ఏడు వందలకు పైగా సిపాయిలు ఉండిరి. అందరిని బల్లమీద నిలుపుట సాధ్యము కాదు. కావున 20 మందికి ఒక బొమ్మ చొప్పున లెక్కించి 36 బొమ్మలు సిద్ధపరుతము.

మొదట చట్రమును సబ్బు నీటితో కడిగి ఆరవలెను. అచ్చునకు పూసిన జిడ్డు మిగిలియున్నచో రంగు పట్టదు. ముక్కలను విరువక చిన్న కట్టరుతో కత్తిరింపవలెను. అచ్చు రెండు పలకలు కలిసిన చోట బొమ్మపై సన్నని గీత యొకటి మిగులును; దానిని కత్తి వీపుతో మెల్లగా గీకివేయవలెను. అట్లు చేయనిచో రంగు వేసిన తరువాత ఆ గీత గాయపు మచ్చవలె కనబడును. పాలిస్టైరీను జిగురు ముక్కల అంచులను కొంచెము కరగించి రెంటిని ఒక్కటిగా చేయును. కనుక చుక్క చాలును. అధికమైనచో ముఖమే కరగిపోవును. ఈ పనిని కిటికీ తెరచిన గదిలో, పెద్దల ఎదుట చేయుట మేలు.

తరువాత బొమ్మ అంతటికి బూడిదవన్నె మొదటి పూత పూయవలెను. అది ఆరిన పిదప లోపలి భాగములనుండి వెలుపలికి రావలెను: ముందు ముఖము, చేతులు, పిదప బూడిదవన్నె లాగులు, ఎఱ్ఱని కోటు, ఆ పిదప మెడపట్టీకి, చేతిపట్టీలకు ఈ పటాలపు గుర్తగు లేత తోలువన్నె, కడపట తుపాకి, నల్లని టోపీ. రంగును నీటితో పలుచన చేసి రెండు పూతలు వేయుట, చిక్కని పూత ఒకటి వేయుటకంటె శ్రేష్ఠము. ముదురు గోధుమ రంగును మిక్కిలి పలుచగా చేసి పూసినచో అది మడతలలోనికి జారి నీడ కల్పించును.

“బొమ్మ వీపు ఎవరు చూతురు?” అని తొందరపడువా రడుగుదురు. బల్లవద్ద నిలిచి తన సేనను ముందుకు నడపు ఆటగానికి ఎల్లప్పుడు కనబడునది తనవారి వీపులే. కనుక వీపుమీది సంచిని, చుట్టిన కంబళిని నిర్లక్ష్యము చేయరాదు. మరియొక మాట: జూన్ 17వ తేదీ రాత్రి ఎడతెగని వాన కురిసి నేల యంతయు బురదయయ్యెను. కావున బూట్లకును లాగుల అంచులకును బురద రంగు అద్దినచో బొమ్మ సత్యమునకు సమీపించును. కడపట అట్టపై జిగురుపూసి, ఇసుక చల్లి, బొమ్మలను నిలిపి, మెఱుపు లేని వార్నిషు పూసినచో పటాలము సిద్ధము.

ఇక ఆట. గుఱ్ఱపు దండు మీదికి వచ్చునపుడు కాలిబంటులు నాలుగు దిక్కులకు సన్నీలు చాచి చతురస్ర వ్యూహమున నిలుతురు. గుఱ్ఱములు ఆ సన్నీలమీదికి దూకజాలవు. కాని దట్టముగా నిలిచిన ఆ వ్యూహమే ఫిరంగులకును తుపాకులకును మంచి గురియగును. యుద్ధక్రీడ నేర్పు ముఖ్యపాఠము లిట్టివే: ఒక అపాయమునుండి కాపాడు ఉపాయము మరియొక అపాయమునకు త్రోవ చేయును.

27వ పటాలమునకు జరిగిన దిదియే. లా హే సాంత్ అను పొలమింటికి సమీపమున, కూడలివద్ద వారు చతురస్రముగా నిలిచిరి. సాయంకాలము ఆ ఇల్లు ఫ్రెంచివారి వశమైన పిదప గుండ్లు అతి సమీపమునుండి వారిపై కురిసెను. వారు కదలరైరి. 450 మందికి పైగా హతులో క్షతగాత్రులో అయిరి. మృతులు వ్యూహము చెదరక, చతురస్రముగానే పడియుండుటను పొరుగున పోరాడిన కింకెయిడ్ అను అధికారి చూచి వ్రాసెను.

ఇప్పుడు మన బల్లకు వత్తము. ఆ సాయంకాలపు లెక్క చొప్పున మన 36 బొమ్మలలో 23 తీసివేయవలెను. ఒక్కొక్క దానికి ముఖము దిద్ది, గుండీలు పెట్టి, కొన్ని దినములు శ్రమపడిన విద్యార్థి దానిని తీసి పెట్టెలో నుంచునప్పుడు మనసు కొంచెము చివుక్కుమనును. ఆ బొమ్మ ఇరువది మంది. ఆ యిరువది మందికిని తల్లులుండిరి. వారిని ఎవ్వరును మరల పెట్టెనుండి తీసి రేపటి ఆటకు నిలుపలేదు. ఆ ఒక్క దినమున మూడు సేనలలో కలిపి హతులును క్షతగాత్రులును నలువది వేలకు మించిరి.

వెల్స్ తన గ్రంథము చివర, ఈ చిన్న యుద్ధములను మూడు నాలుగుసారులు ఆడినవానికి పెద్ద యుద్ధము ఎంత తెలివిమాలిన పనియో తెలియునను భావము వెలిబుచ్చెను. మరుసటి యేడే, అనగా 1914లో, ఐరోపా యుద్ధమున మునిగెను.

కావున చదువరులారా, కుంచె పట్టి ఓర్పు నేర్చుకొనుడు. కోటు రంగును వెదకి చరిత్ర నేర్చుకొనుడు. బల్లమీదినుండి ఒక బొమ్మను తీయునపుడు మాత్రము త్వరపడక, ఇరువది వరకు లెక్కింపుడు.