కొత్తది కొనేముందు పాతదాన్ని తెరిచి చూడండి

2016, 2018 మధ్య కొన్న ల్యాప్‌టాప్ ఒకటి, కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం తెచ్చిన ట్యాబ్ ఒకటి. చాలా ఇళ్లలో ఇవాళ ఉన్న సరంజామా ఇదే. ఇప్పుడు రెండూ మొరాయిస్తున్నాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ట్యాబ్‌లో పాఠం మధ్యలో యాప్ దానంతటదే మూసుకుపోతుంది. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. "ఏది కొందాం?" అని మొదలైన చర్చ ఏ ఆఫర్ ముందు కనిపిస్తే దాని దగ్గర ముగుస్తుంది.

ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమంటాను. ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు, పైసా ఖర్చు లేకుండా దేనికి ఏం జబ్బో తేలిపోతుంది. నేను చూసినంతలో, పాతబడిందని మూలన పెట్టేసిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లోపల చెడింది ఒకటి రెండు భాగాలే.

ముందుగా కావలసింది కాగితం, పెన్ను. గడిచిన వారంలో ఇంట్లో ఎవరెవరు ఈ రెండింటి మీద ఏం చేశారో రాయండి. ఏ పని దగ్గర ఆగిపోయారో కూడా రాయండి. తర్వాత ఆ జాబితాలో ట్యాబ్ మీద అసలు జరగని పనుల కింద గీత గీయండి. ట్యాలీలో లెక్కలు రాసేవారికి విండోస్ ఉన్న సిస్టమ్ తప్పదు. కంపెనీ తరఫున జీఎస్‌టీ రిటర్నులకు డిజిటల్ సంతకం పెట్టేవారి యూఎస్‌బీ టోకెన్‌కూ కంప్యూటరే కావాలి, దాని సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లో ఎక్కదు. ఎక్సెల్‌లో మాక్రోలు ఉన్న ఫైలు ట్యాబ్‌లో తెరుచుకుంటుంది కానీ మాక్రో నడవదు. ఇంజినీరింగ్ పిల్లలకు కాలేజీ ల్యాబులో వాడే సాఫ్ట్‌వేర్ ఇంట్లోనూ కావాలి.

తెలుగు డీటీపీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లికార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేసేవారిలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లతో, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7తో పని నడుపుతున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. వాటితో టైపు చేసిన వర్డ్ ఫైలును ట్యాబ్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు, నెత్తిన చుక్కలు, గీతలు ఉన్న ఇంగ్లీషు గుర్తులు వరసగా వస్తాయి. పీడీఎఫ్ చేసి పంపితే చదువుకోవచ్చు గానీ దిద్దలేం. ఈ పని మీద బతికేవారికి ఎంత ఖరీదైన ట్యాబ్ కొన్నా ల్యాప్‌టాప్‌కు బదులు కాదు.

మరోవైపు ట్యాబే మేలైన పనులున్నాయి. పాఠాలు చూడటం, పీడీఎఫ్ పుస్తకాలు చదవడం, పెన్నుతో నోట్సు రాసుకోవడం, బొమ్మలు గీయడం, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడటం. జాబితాలో అన్నీ ఇవే ఉండి గీత గీసిన పని ఒక్కటీ లేకపోతే ల్యాప్‌టాప్ మీద రూపాయి కూడా పెట్టొద్దు. రిటైరైన తల్లిదండ్రులు ఇద్దరే ఉన్న ఇంట్లో నేను చెప్పేది ఇదే, మంచి ట్యాబ్ ఒకటి చాలు. గీత గీసిన పని ఒక్కటి ఉన్నా, ఆ పనితో డబ్బు వస్తున్నా, కాలేజీకి తప్పనిసరైనా, ముందు ల్యాప్‌టాప్ సంగతి తేల్చాలి. ట్యాబ్ మాట ఆ తర్వాత.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చోండి. ఆన్ చేసి, ఏమీ తెరవకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ, మెమరీ, డిస్క్ వరసగా ఉంటాయి. మీరు ఏ పనీ చేయకపోయినా డిస్క్ దగ్గర 100 శాతం అని నిలిచిపోయి, పక్కన హెచ్‌డీడీ, అంటే హార్డ్ డిస్క్, అని కనిపిస్తే దొంగ దొరికినట్టే.

హార్డ్ డిస్క్ లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వేసేది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. ఏ చిన్న ఫైలు కావాలన్నా చదివే ముల్లు ఆ చోటికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ ముక్క ముల్లు కిందికి రావాలి. ఒక్కోసారికి పది నుంచి ఇరవై మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అక్కడొకటి, ఇక్కడొకటి చెదిరి ఉన్న ముక్కల్ని సెకనుకు వందకు మించి అందించలేదు. విండోస్, యాంటీవైరస్, అప్‌డేట్లు అన్నీ ఒకేసారి వేల చిన్న ఫైళ్లు అడుగుతాయి. హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి సెకనుకు వేలల్లో ఇస్తుంది. అందుకే అదే ప్రాసెసర్, అదే తెర ఉన్నా, ఎస్‌ఎస్‌డీ వేయించగానే నిమిషాలు పట్టే స్టార్టప్ సెకన్లలోకి వస్తుంది. ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికే రావడానికి కారణమూ ఇదే, పళ్లెం మారలేదు కదా.

డిస్క్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి. పక్కనే మెమరీ కూడా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో బ్రౌజర్ తెరిచి రెండు మూడు ట్యాబులు పెడితే మెమరీ 90 శాతం దాటుతుంది. ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీద దాచి, కావాలన్నప్పుడల్లా తిరిగి తెచ్చుకుంటుంది. అలా ర్యామ్ కొరత డిస్క్ జబ్బులా కనిపిస్తుంది. డిస్క్, మెమరీ రెండూ అలా నిండిపోతే రెండూ మార్చాల్సినవే. డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, దాచి తెచ్చుకునే ఆ రాకపోకలు కూడా వేగమవుతాయి. మెమరీ పేజీలోనే ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. కొన్ని పలచటి మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, వాటిలో పెంచే దారి లేదు. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని స్లాట్లో ఒకటి పట్టవు కాబట్టి ఏ రకమో చూసుకునే షాపుకు వెళ్లండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. నిరుడు ఎవరో చెప్పిన ధర పట్టుకుని లెక్క వేయొద్దు.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పవర్ అనే మాట, దానికి ఆనించి సి, ఎఫ్, జి, ఒక ఖాళీ, ముందుకు వాలిన స్లాష్, ఆపైన బ్యాటరీ రిపోర్ట్ అని రెండు మాటలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై ఎక్కడుందో కిందే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొన్నప్పుడు పట్టిన ఛార్జి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. మొదటిది 41,000 ఉండి రెండోది 18,000 ఉంటే బ్యాటరీలో సగం కన్నా తక్కువే మిగిలింది. కరెంటు కోతలున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడూ ప్లగ్‌కే ఉండే సిస్టమ్ అయితే ఆ ఖర్చు వాయిదా వేయొచ్చు. అయితే టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బి బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగుతున్నా ఆ క్షణమే ఛార్జర్ తీసేయండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ అంటుకోగలదు. దాన్ని పొడవకుండా, నొక్కకుండా తీయించేయాలి.

ఇక రిపేరా, కొత్తదా అని తేల్చే అసలు గీత ప్రాసెసర్ దగ్గర ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5 తర్వాత అడ్డగీత దాటి 7200 అని ఉంటే 7వ తరం, 8250 అని ఉంటే 8వ తరం. 8వ తరం ల్యాప్‌టాప్‌లు 2017 చివర్లో వచ్చాయి. అందుకే బిల్లు మీద తేదీ కన్నా ఈ అంకెనే నమ్మండి, 2018లో కొన్నవాటిలోనూ 6, 7 తరాలవి ఉన్నాయి. అనుమానం ఉంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ నడిపితే అవునో కాదో చెప్పేస్తుంది.

8వ తరమో, ఆ తర్వాతిదో అయి, తెర, కీబోర్డు, మడత దగ్గర హింజ్ బాగుంటే నా ఓటు రిపేరుకే. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, అవసరమైతే బ్యాటరీ మూడింటి ధర కనుక్కోండి. కొత్త ల్యాప్‌టాప్ ధరలో మూడో వంతు దాటనంతవరకు అది మంచి ఖర్చు. 7వ తరం, అంతకు పాతదైతే లెక్క మారుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదైతే విండోస్ 10కి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత అందులో బ్యాంకు పని చేయొద్దు. నెట్‌తో పనిలేని డీటీపీకో, లెక్కలకో దాన్ని అట్టే పెట్టుకోవాలంటే ఒక్క ఎస్‌ఎస్‌డీ వరకు ఖర్చు పెట్టండి, అంతే. చదువు, బ్రౌజింగ్, యూనికోడ్ తెలుగు రాత చాలనుకునేవారికి లినక్స్ మింట్, ఉబుంటు లాంటివి పాత మెషీన్ల మీద హాయిగా నడుస్తాయి. ట్యాలీ, అను మాత్రం వాటి మీద నేరుగా నడవవు.

రిపేరే అనుకుంటే, విప్పేముందు ఫైళ్లన్నీ వేరేచోట కాపీ పెట్టుకోండి. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయొచ్చు, విండోస్ కొత్తగానూ ఎక్కించుకోవచ్చు. ఏళ్ల చెత్త పేరుకున్న సిస్టమ్‌కు రెండోదే మేలు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, బోర్లా వేయండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే ఆ బొమ్మ మీద పెట్టుకుంటూ పోండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర బొడిపె లేస్తుంది. రబ్బరు కాళ్ల కింద ఒకటి రెండు దాగి ఉంటాయి, అవి తీయకుండా మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి. పాత ఏటీఎం కార్డు లాంటి పలచటి ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంట జరుపుతూ పోతే మూత టప్ టప్‌మంటూ వదులుతుంది. లోపల ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, మిగతావాటి మీద చెయ్యి వేయడం ఆ తర్వాతే. హార్డ్ డిస్క్ చిన్న రేకు చట్రంలో ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి తీసి, చట్రం విప్పి కొత్త ఎస్‌ఎస్‌డీకి బిగించి, వచ్చిన దారినే పెట్టండి. ర్యామ్ ముక్కను ఏటవాలుగా స్లాట్లోకి నెట్టి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పట్టుకుంటాయి. చేయి తడబడుతుందనిపిస్తే షాపుకే ఇవ్వండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసి ఇస్తారు. పాత డిస్క్ మాత్రం అడిగి తెచ్చుకోండి. అందులో మీ ఇంటి ఫొటోలు, పాన్, ఆధార్ కాపీలు ఉన్నాయి. చవకైన కేసులో పెడితే అదే బ్యాకప్ డిస్క్ అవుతుంది.

ట్యాబ్ విషయంలో ఇంత పని లేదు, ఎందుకంటే అందులో మార్చగలిగింది దాదాపు లేదు. ర్యామ్, స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటాయి. మెమరీ కార్డు వేస్తే వీడియోలకు చోటు వస్తుంది తప్ప వేగం రాదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది రెండు మూడేళ్ల కిందటిదై, ర్యామ్ 2, 3 జీబీ అయితే దాని పని పాటలకు, పాఠాలకు. ఐప్యాడ్ ఉన్నవారికి గీత స్పష్టంగా ఉంది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 మామూలు ఐప్యాడ్‌లలో 2020 నాటి 8వ తరం నుంచే ఎక్కుతుంది, 2019 నాటి 7వ తరానికి లేదు.

కొత్త ట్యాబ్‌నే ల్యాప్‌టాప్‌లా వాడదామనుకునేవారు మొత్తం బిల్లు కూడి చూడండి. 2025 మార్చిలో ఐప్యాడ్ 34,900 రూపాయలకు వచ్చింది. కీబోర్డు, పెన్సిల్ విడిగా కొనాలి, కంపెనీవే తీసుకుంటే మూడూ కలిపి మంచి ల్యాప్‌టాప్ ధరకు చేరతాయి. కొత్త ల్యాప్‌టాప్‌కైతే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ చూడండి. అది కుదరకపోతే 8 జీబీ ఉండి ఖాళీ స్లాట్ ఉన్నదైనా తీసుకోండి. 64, 128 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్‌తో చవగ్గా వచ్చేవాటి జోలికి వెళ్లొద్దు, అప్‌డేట్లకే నిండిపోతాయి. వ్యాపారానికి కొనేవారు తమ జీఎస్‌టీ నంబరు బిల్లులో వేయించుకుంటే 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. విదేశం నుంచి తెప్పించుకునేవారు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే అడగండి.

పాతది ఎవరికైనా ఇస్తున్నారా? ట్యాబ్‌ను రీసెట్ చేసేముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తొలగించండి. లేకపోతే తీసుకున్నవారు ఆన్ చేయగానే మీ పాస్‌వర్డ్ అడిగి ఆగిపోవచ్చు. ల్యాప్‌టాప్‌లో రీసెట్ పెట్టేటప్పుడు అన్నీ తొలగించమని, డ్రైవ్ పూర్తిగా శుభ్రం చేయమని రెండూ ఎంచుకోండి. ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో వేసి ఖాళీ చేస్తే సరిపోదు, వాటిని తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి. ఊడదీసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే చేర్చండి. అక్కడికి వెళ్లేదాకా దాని కనెక్టర్ కొసలకు టేపు చుట్టి ఉంచాలి.