ట్రాక్టరు వెనుక బ్రేకులు పట్టుకొనిపోవుట

దమ్ము పనులు ముగిసి ట్రాక్టరు మరల రోడ్డెక్కు రోజులలో "బండి లాగుట లేదు, డీజిలు ఎక్కువ త్రాగుచున్నది" అను ఫిర్యాదు తరచు వినబడును. వెంటనే డీజిలు పంపు విప్పించి, డబ్బు ఖర్చుపెట్టి, ఫలితము లేక విసిగిన రైతులు కలరు. అట్టి సమయమున ఇంజను జోలికి పోకముందే వెనుక చక్రములు చూడవలెను. పెడలు మీదనుండి కాలు తీసిన తరువాత గూడ బ్రేకు డ్రమ్మును వదలకున్నచో, ఇంజను శక్తిలో కొంత ఆ రాపిడికే పోవును.

ఇచ్చట చెప్పునది వెనుక ఇరుసుకు డ్రమ్ము బ్రేకులు, వాటిని లాగుటకు ఇనుప రాడ్డులు గల పాత ట్రాక్టర్లను గురించి. నూనెలో మునిగియుండు బ్రేకులు గల కొత్త ట్రాక్టర్లకు ఈ పద్ధతి పనికిరాదు.

డీజిలు నష్టము చిన్న సంగతి. రాపిడి వేడికి ఇరుసు చివరనున్న ఆయిలు సీలు గట్టిపడి చెడును. ఆ దారిన నూనె డ్రమ్ములోనికి దిగి లైనింగును తడుపును. నిన్నటి వరకు వదలని బ్రేకు అప్పుడు సరిగా పట్టదు. ఒక ప్రక్క పట్టి రెండవ ప్రక్క జారినచో, ధాన్యపు బస్తాల ట్రక్కుతో కాలువ గట్టు మీద పోవు బండి పట్టిన వైపునకు తిరుగును. ఆ వైపు కాలువయే కావచ్చును.

ముందుగా డ్రైవరు కాలు గమనించండి. బ్రేకు పెడలు మీద పాదము ఆనించి నడుపు అలవాటు కొందరికి కలదు. అది లేదని తేలిన పిమ్మట, చదునైన ఖాళీ దారిలో నెమ్మదిగా ఒక కిలోమీటరు బ్రేకు త్రొక్కకుండ నడిపి, బండిని దానంతట అదే ఆగనిచ్చి, రెండు డ్రమ్ముల దగ్గర అరచేతి వెనుక భాగము ఉంచి చూడవలెను. తాకరాదు, కాలును. ఏ ప్రక్క వేడి ఎక్కువగా కొట్టునో లోపమచ్చట ఉన్నది. చల్లబరుచుటకు నీళ్లు పోయకండి. పోత ఇనుము పగులవచ్చును.

చల్లారిన తరువాత ముందు చక్రములకును, నేలమీద ఉండు వెనుక చక్రమునకును చెక్క అడ్డులు పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి, హ్యాండు బ్రేకు వదలి, అనుమానమున్న చక్రమును జాకీతో లేపవలెను. జాకీని మాత్రమే నమ్మక ఇరుసు క్రింద గట్టి దిమ్మెలు పేర్చవలెను. చక్రము చేతితో త్రిప్పిన బిగువుగా తిరిగినచో, బ్రేకు రాడ్డు నట్టు సడలించండి. ఎన్ని చుట్లు త్రిప్పినది లెక్క పెట్టుకొనండి. ఇప్పుడు చక్రము తేలికగా తిరిగెనా, లోపము డ్రమ్ము బయట ఉన్నది: పెడలు స్ప్రింగు సాగియుండవచ్చును, పెడలు ఇరుసులో బురద ఎండి బిగిసియుండవచ్చును, రాడ్డు వంగియుండవచ్చును, హ్యాండు బ్రేకు పూర్తిగా వదలకయుండవచ్చును. అప్పటికిని తిరగకున్న లోపము లోపల ఉన్నది. షూల బిగింపును కొద్దిగా సడలించి చూచి, చక్రము విడిపడినచో అది అతిగా బిగించిన ఫలితమే.

చాలమంది మేస్త్రీలు ఇక్కడనే ఆగి, పట్టిన ప్రక్కను వదులు చేసి బండిని పంపివేయుదురు. బాధ తీరినట్లే కనబడును గాని రెండు ప్రక్కల బ్రేకు సమానము కాదు.

డ్రమ్ము విప్పినచో దమ్ములో చొరబడిన ఒండ్రు తరచు కనబడును. అది షూల వెనుక చేరి ఎండి ఇటుకవలె గట్టిపడును. స్ప్రింగులు షూలను వెనుకకు లాగలేవు. దుమ్మును నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, ఆ పొడి ఊపిరితిత్తులకు మిక్కిలి హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. షూలను తెరచు క్యాము ఇరుసు త్రుప్పు పట్టియున్న దానిని ఊడదీసి, కిరోసినుతో కడిగి, ఎమరీ కాగితముతో రుద్ది, వేడికి కరగని గ్రీజు పలుచగా పూయవలెను. లైనింగుకు గ్రీజు అంటరాదు. స్ప్రింగులు రెండు చక్రములకు ఒకేసారి మార్చుట మేలు. నూనె త్రాగిన లైనింగును పెట్రోలుతో కడిగి వాడుట వ్యర్థము. ముందు సీలు, పిదప రెండు ప్రక్కల లైనింగులు మార్పించవలెను.

తిరిగి అమర్చునపుడు చక్రము ఆగువరకు బిగించి, స్వేచ్ఛగా తిరుగువరకు సడలించవలెను. ఒకచోట కొద్దిగా గీరు శబ్దము వచ్చినను భయము లేదు. పెడలుకు ఉండవలసిన వదులు కంపెనీవారి పుస్తకములో చూచి రెండు ప్రక్కల సమానముగా ఉంచవలెను. తరువాత రెండు పెడళ్లను కలిపి గొళ్లెము వేసి, ఖాళీ పొలములో ట్రక్కు లేకుండ, నెమ్మదిగా నడుపుచు త్రొక్కిన బండి ఏ ప్రక్కకును లాగక నిలువవలెను.

దమ్ము చేసిన సాయంత్రము చక్రములు కడిగి, కొంత దూరము బ్రేకును తేలికగా త్రొక్కుచు నడిపిన లైనింగు ఆరును. ఆ రాత్రి చదును నేలపై చక్రములకు దిమ్మెలు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండు బ్రేకు వేయకుండ నిలుపవలెను. తడి లైనింగు బిగించియుంచినచో త్రుప్పు పట్టి తెల్లవారునప్పటికి డ్రమ్ముకు అంటుకొనిపోవును.