పిల్లి పరుపు మీద పోస్తోందా?

పిల్లి ట్రే వదిలేసి పరుపు మీద ఉచ్చ పోస్తే మనవాళ్లు వెంటనే "పొగరు" అంటారు, గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేయమంటారు. నేనైతే ముందు ఎలా పోస్తోందో చూడమంటాను. తోక నిలబెట్టి గోడకి చిమ్మితే అది హద్దు గుర్తు. పోతుపిల్లికి ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. నేల మీద కూర్చుని పోస్తే ట్రే నచ్చలేదు, లేదా ఒంట్లో బాగోలేదు.

విజయనగరంలో మా పక్క రూమ్ వాళ్ల ట్రే వాషింగ్ మెషీన్ పక్కనే ఉండేది. అది గిర్రున తిరిగితే పిల్లి పరార్! ట్రేని నిశ్శబ్దంగా ఉన్న మూలకి మార్చి, రెండు పూటలా శుభ్రం చేస్తే దారికొచ్చింది.

ఫినాయిల్‌తో మాత్రం తుడవొద్దు. అందులో ఉండే ఫినాల్ లాంటివి పిల్లి కాలేయం అరిగించుకోలేదు, దానికది విషం. పైగా మూత్రంలోని యూరిక్ యాసిడ్ నీళ్లకి సరిగా కరగదు. మన ముక్కుకి వాసన పోయినా దానికి తెలుస్తుంది, మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ వాడండి.

పోతుపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మలబద్ధకం అనుకుని ఊరుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇంటర్నల్ ఎగ్జామ్ ఉన్నా సరే, ఆ రోజే తీసుకెళ్లండి. పశువుల ఆసుపత్రి అంటే గేదెలకే కాదు. మన గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.