బాబీ జిందాల్: అమెరికాలో తొలి భారత సంతతి గవర్నర్

లూసియానా మాజీ గవర్నర్ బాబీ జిందాల్ 1971 జూన్ 10న ఆ రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో జన్మించారు. తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వలస వెళ్లినవారు. అసలు పేరు పీయూష్. చిన్నతనంలో ‘ది బ్రేడీ బంచ్’ అనే టీవీ ధారావాహికలోని కుర్రాడి పేరు నచ్చి, తనను ‘బాబీ’ అనే పిలవమన్నారు. ఆ పేరే స్థిరపడింది.

బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. 1996లో, 24 ఏళ్లకే లూసియానా ఆరోగ్య శాఖ పగ్గాలు చేపట్టారు. 2003లో గవర్నర్ పదవికి పోటీచేసి కాథ్లీన్ బ్లాంకో చేతిలో ఓడారు. మరుసటి ఏడాది ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. దలీప్ సింగ్ సౌంద్ తర్వాత ఆ సభలో అడుగుపెట్టిన రెండో భారత సంతతి వ్యక్తి ఈయనే.

లూసియానా గవర్నర్ ఎన్నికల్లో అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్‌పై తలపడతారు. సగానికి మించి ఓట్లు వస్తే రెండో విడత ఉండదు. 2007లో జిందాల్ తొలి విడతలోనే సుమారు 54 శాతం ఓట్లతో గెలిచారు. 2008 జనవరి 14న ప్రమాణం చేసేనాటికి వయసు 36. 2011లో గెలుపు మరింత సునాయాసం. 2010 నాటి గల్ఫ్ తీర చమురు లీకేజీ ఆయన హయాంలోదే. పన్నుల కోతలు పేరు తెచ్చినా, పదవి చివర్లో బడ్జెట్ లోటు ఆ పేరును మసకబార్చింది.

2015లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి, నవంబరులో తప్పుకున్నారు. 2016 జనవరిలో గవర్నర్ పదవీకాలం ముగిసింది. అమెరికాలో జిందాల్ తర్వాత రెండో భారత సంతతి గవర్నర్ దక్షిణ కరోలినాకు చెందిన నిక్కీ హేలీ.